రక్తపోటును సామూహిక వ్యాయామమును

రోగములలో కేకవేసికొని వచ్చునవి కొన్ని, అలికిడి లేక వచ్చునవి కొన్ని. కలరా గాని మశూచికము గాని గ్రామమున పొడసూపినప్పుడు పూర్వము ఊరెల్ల కదలవలసి వచ్చెడిది. బావులలో మందు చల్లుట, టీకాలు వేయించుకొనుట, రోగిని వేరుగా నుంచుట మొదలగు పనులు ఒక్కరు చేసిన తీరునవి కావు. పొరుగువాని రోగము రేపు తన గడప త్రొక్కునని ప్రతివాడును ఎరిగియుండెను. ఇప్పుడు మన యిండ్లలో ప్రవేశించిన రక్తపోటు అట్టిది కాదు. అది నొప్పి పెట్టదు, జ్వరము తేదు, ఆకలి చెరుపదు. పదియేండ్లు ఒక మనుష్యునితో కాపురము చేసి, ఒకనాటి తెల్లవారుజామున వాని కుడిచేతిని, మాటను ఒక్కసారిగా తీసికొని పోవును. అంటురోగము కాదు గనుక దీనిని ఎవరిమట్టుకు వారే చూచుకొనవలసిన సొంత వ్యవహారమని మనము తలచుచున్నాము. ఈ తలంపు సరికాదనియు, ఒక్కొక్కరికి వేరువేరుగా వచ్చు నీ రోగమును పదుగురు కూడి యెదుర్కొనుటయే సుకరమనియు మా యభిప్రాయము. దానిని చదువరుల యెదుట నుంచుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇది యెట్టి రోగమో ముందుగా తెలిసికొందము. గుండె తోయుచున్న రక్తము నాళముల గోడలపై చూపు ఒత్తిడియే రక్తపోటు. స్టీఫెన్ హేల్స్ అను ఆంగ్ల మతాచార్యుడు గుర్రము నాళమునకు గాజుగొట్టము తగిలించి, అందు రక్తమెంత యెత్తు లేచునో చూచి, ఆ సంగతి 1733లో ప్రకటించెను. మనుష్యునకు గాయము చేయకయే పోటును కొలుచు చేతిపట్టీని 1896లో ఇటలీ దేశపు వైద్యుడు రివా రోచి కల్పించెను. ఆ పట్టీక్రింద నాళము చేయు ధ్వనులను వినుట 1905లో రష్యా వైద్యుడు కొరొట్కొవ్ నేర్పెను. నేడు పల్లెలోని ఆరోగ్య కార్యకర్త చేతిలోనున్న చిన్నయంత్రము నిమిషములో చూపు రెండంకెల వెనుక ఇంత శ్రమ కలదు. పై యంకె గుండె ముడుచుకొనినప్పటి పోటు. క్రింది యంకె గుండె విశ్రమించినప్పటి పోటు. 120/80కి లోబడి యుండుట మేలు. వేర్వేరు దినములందు కొలిచినను 140/90 గాని అంతకు మించి గాని వచ్చుచున్నచో దానిని రోగముగానే యెంచి వైద్యము చేయుదురు. అంతకంటె ఒత్తిడి హెచ్చిన కొలది నాళములు గట్టిపడి పెళుసగును. మెదడులో నాళము పగిలినను పూడినను పక్షవాతము. గుండెలో పూడిన గుండెపోటు. మూత్రపిండములలో చెడిన అవి మెల్లగా పనిమానును.

ఈ రోగము ధనవంతులకు, పట్టణవాసులకు మాత్రమే వచ్చునను మాట చెల్లిపోయి చాలకాలమైనది. 2019–21 సంవత్సరములందు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, ఆంధ్రప్రదేశమున పదునైదేండ్లు నిండిన స్త్రీలలో నూటికి సుమారు 25 మందికి, పురుషులలో 29 మందికి రక్తపోటు హెచ్చుగా నున్నట్లో, అందుకు మందు వాడుచున్నట్లో తేలెను. తెలంగాణమున స్త్రీలలో 26, పురుషులలో 31. అనగా నలుగురు కూర్చుండిన ప్రతి పంక్తిలోను ఒకరికి ఇది కలదన్నమాట. ఆ యొక్కరెవరో తక్కిన మువ్వురికే కాదు, తఱచుగా ఆ యొక్కరికిని తెలియదు. ప్రపంచారోగ్యసంస్థ 2023లో ప్రకటించిన నివేదికనుబట్టి, లోకమున రక్తపోటు కలవారిలో ఐదుగురికి ఒక్కరికి మాత్రమే అది అదుపులో నున్నది. మందులు లేకపోలేదు, అవి మిక్కిలి ఖరీదైనవియు కావు. కొరత మందులలో లేదు, మనుష్యుని పట్టుదలలో నున్నది.

ఈ పట్టుదల ఏల నిలువదో విచారింపవలెను. పంటినొప్పి గలవాడు వైద్యుని యింటికి పరుగెత్తును. నొప్పియే వానిని తరుముకొని పోవును. రక్తపోటు గలవానిని తరుమువారు లేరు. మాత్ర వేసికొన్ననాడును వేయనినాడును వానికి ఒక్కతీరుగానే యుండును. వ్యాయామము సంగతియు ఇంతే. వైద్యుడు నడువుమని చెప్పినవెంటనే క్రొత్తచెప్పులు కొని, వారము దినములు నడచి, ఎనిమిదవనాడు వాన యనియు, తొమ్మిదవనాడు చుట్టములనియు, పదియవనాడు ఏ కారణమును లేకయు మానినవారిని మేమెందరినో ఎరుగుదుము. ఇది వారి దుర్బలత్వమని నిందించుట న్యాయము కాదు. బాధ లేనిచోట ఏండ్లతరబడి ఒక నియమమును ఒంటరిగా నడపగల దృఢచిత్తులు ఎల్లకాలములందును కొందరే యుందురు. ఉపవాసములకును వ్రతములకును పెద్దలు తిథులేర్పరచి, ఊరందరును ఒక్కనాడే చేయునట్లు కట్టడిచేయుటలోని కిటుకు ఇదియే. పదుగురు పట్టిన నియమము పట్టుట తేలిక, విడుచుట కష్టము.

ఇక వ్యాయామమువలన నిజముగా పోటు తగ్గునా? తగ్గును. నడచునప్పుడు కాళ్ళకండలకు రక్తము హెచ్చుగా కావలసివచ్చి నాళములు వెడల్పగును. వాని లోపలిపొర నైట్రిక్ ఆక్సైడు అను పదార్థమును పుట్టించి గోడలను సడలించును. నడక ముగిసిన తరువాతను కొన్ని గంటలవరకు పోటు మునుపటికంటె తగ్గియే యుండును. దినదినమును ఇట్లు జరుగగా నాళములను బిగించు నరముల ఉద్రేకము శమించి, గుండె తక్కువ శ్రమతో తనపని చేయ నేర్చును. రక్తపోటు గలవారు వడిగా నడచుట, ఈదుట, సైకిలు త్రొక్కుట వంటివి క్రమముగా చేసినయెడల పై యంకె సుమారు 5 మొదలు 8 వరకు తగ్గునని అమెరికా హృద్రోగ వైద్యసంఘములు 2017లో ప్రకటించిన మార్గసూచికలో నున్నది. అయితే ఇది బ్యాంకులో వేసిన సొమ్మువలె నిలువయుండునది కాదు. మానిన కొన్ని వారములకే యీ లాభము కరగిపోవును. కావున ఎంత నడచితిమనుటకంటె ఎన్నాళ్ళు మానక నడచితిమనుటయే ముఖ్యము.

ఐదారంకెలు తగ్గుట ఒక గొప్పయా యని కొందరు పెదవి విరుతురు. 2002లో ప్రకటింపబడిన ఒక మహాసంకలనమున 61 పరిశీలనలనుండి పదిలక్షలమంది జీవితములు లెక్కకు వచ్చినవి. నడివయస్సున పై యంకె 2 మాత్రము తగ్గియున్నను పక్షవాతముచే చచ్చువారు నూటికి పదిమంది, గుండెనాళముల రోగముచే చచ్చువారు నూటికి ఏడుగురు తగ్గుదురని ఆ లెక్క చెప్పినది. ఒక్క మనుష్యునియందు 2 అంకెలు చూచిన అది లెక్కలోనికి రాదు. మధ్యాహ్నమునకును సాయంకాలమునకును నడుమ అంతకంటె హెచ్చు మార్పుండును. కాని ఊరందరికి తగ్గిన ఆ రెండంకెలే కొన్ని యిండ్లలో తండ్రిని, కొన్ని యిండ్లలో తల్లిని నిలుపును. ఎవరి యింటనో ముందుగా తెలియదు. అందుచేతనే యిది ఊరంతయు కలసి చేయవలసిన పని యగుచున్నది.

కూడి నడచుటవలన కలుగు ఫలమును ప్రత్యేకముగా పరీక్షించినవారును కలరు. నడకసంఘములనుగూర్చి పలుదేశములందు జరిగిన 42 పరిశీలనలను, వానియందలి 1843 మందిని 2015లో ఇంగ్లండు పరిశోధకులు ఒక్కచోట చేర్చి చూచిరి. పై యంకె సగటున 3.7, క్రింది యంకె 3.1 తగ్గెను, శరీరపు క్రొవ్వును, మనోవిషాదమును కూడ తగ్గెను. వారు గుర్తించిన మరియొక విషయము మాకు మిక్కిలి ప్రధానమని తోచుచున్నది. సంఘములలో చేరినవారిలో అధికసంఖ్యాకులు నడువ మానలేదు. ఒంటరిగా నడచువాడు మానిన అడుగువారుండరు. సంఘములోనివాడు ఒకనాడు రానిచో మరునాడు నలుగురు అడుగుదురు, మూడవనాడు ఒకరు ఇంటికి వత్తురు. ఈ యడుగుటలో కొంత స్నేహము, కొంత కుతూహలము, కొంత పరిహాసము కూడ కలదు. మూడును పనికివచ్చునవే.

ఇది మన దేశమునకు క్రొత్త కాదు. మన పల్లెలలో గరిడీలుండెను, తాలింఖానాలుండెను. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారి పేరు వినినంతనే బాలురు దండెములు తీయ మొదలిడిన కాలమొకటి యుండెను. అయితే ఆ వ్యాయామము యువకులది, బలప్రదర్శనమునకైనది. ముప్పదియేండ్లు దాటినవాడు గరిడీ విడిచెను. స్త్రీ అందు కాలిడుటయే లేదు. ఇప్పుడు కావలసిన వ్యాయామశాల వేరు. అందు గుమ్మటములవంటి భుజములు పెంచుట ఉద్దేశము కాదు. నలువదియేండ్ల యిల్లాలును, అరువదియేండ్ల పెద్దయు ఆయాసపడక ప్రతిదినమును కదలుట ఉద్దేశము. ఆ మాటకు వచ్చిన గరిడీకంటె మన కోలాటమును, చెక్కభజనయు ఈ పనికి తగియున్నవి. అరగంటసేపు తాళము తప్పక అడుగులు వేయుచు వలయముగా తిరిగినవారికి వడినడకవంటి శ్రమయే కలుగును. విసుగు మాత్రము కలుగదు. నడువ బద్ధకించువారు ఆడ బద్ధకింపరు.

మేము నివసించు పేటలో కొన్నియేండ్ల క్రిందట పదునలుగురు చేరి ఒక నడకసంఘము స్థాపించిరి. నియమములు మూడే: ఉదయము ఐదున్నరకు చెరువుగట్టుమీద కూడవలెను, మాటాడ వీలైనంత వడితో, పాడ వీలుకానంత వడితో నడువవలెను, రాలేనినాడు కబురంపవలెను. మాసమున కొకమారు ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు నర్సు వచ్చి అందరి పోటును కొలిచి పుస్తకమున వ్రాయును. ఆరుమాసములలో పదునలుగురు నలువదిమంది యైరి. సంఘపు ఉత్సాహమునుగూర్చి చెప్పవలసినది చాల కలదు. కాని మా మనస్సున నిలిచినది ఆ పుస్తకములోని పేర్ల పట్టిక. విశ్రాంతోద్యోగులు, ఉపాధ్యాయులు, దుకాణదారులు, ఒకరిద్దరు వకీళ్ళు. స్త్రీలు నలుగురు. ఆటోలు తోలువారు, దర్జీలు, ఇండ్లలో పనిచేయువారు ఒక్కరును లేరు. పేటలో పోటు ఎక్కువగా నున్నది ఎవరికో, నడచుచున్నది ఎవరో, ఆ రెండు పట్టికలును కలియలేదు.

స్త్రీలు ఏల రారని అడిగిన మగవారు చెప్పు సమాధానమొకటే: ఇంటిపనియే వారికి వ్యాయామము. ఈ వాక్యమును మేము విని విని యున్నాము. ఇంటిపని శ్రమయే, సందేహము లేదు. కాని పొయ్యిదగ్గర రెండుగంటలు నిలుచుట వేరు, అరగంట వడిగా నడచుట వేరు. నిలుచున్నవారికి కాళ్ళు వాచును గాని గుండెకు సాధకము కలుగదు. రోలు, రోకలి, విసుర్రాయి, బావిగిలక పోయి యంత్రములు వచ్చిన యిండ్లలో పాతశ్రమయు పోయినది. పాతకాలపు బాధ్యత మాత్రము పోలేదు. ఐదున్నరగంటల వేళ పురుషుడు చెరువుగట్టుమీద ఆరోగ్యము సంపాదించుచుండగా, స్త్రీ వాని కాఫీకి పాలు కాచుచున్నది. కాలము ఆమెది కాకపోవుటయే అసలు అడ్డంకి. దానికి తోడు చీకటిసందులు, కుక్కలు, వానికంటె తీవ్రములగు నోళ్ళు. పై లెక్కను జ్ఞప్తికి తెచ్చుకొనుడు: తెలుగునాట నలుగురు స్త్రీలలో ఒకరికి ఈ రోగము కలదు.

శ్రామికులకు వ్యాయామ మక్కరలేదనుటయు సగము సత్యమే. 1953లో జెరెమీ మోరిస్ అను వైద్యుడు లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించి, రోజంతయు కూర్చుండి తోలు డ్రైవర్లకంటె మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా నున్నదని చూపెను. ఒకటే బస్సు, ఒకటే జీతపు వర్గము, ఒకటే నగరము. భేదము కూర్చుండుటలోను, కదలుటలోను. మన ఆటో తోలువాడు, దర్జీ, నగలుచేయు కంసాలి, గల్లాపెట్టెదగ్గర కూర్చుండువాడు పేదవారైనను, శ్రమజీవులైనను, లండను డ్రైవరు జాతివారే. పొలముపని చేయువారికి కదలిక కలదు. కాని వయస్సు, వంశము, ఉప్పు, సారా, చుట్ట వారిని విడుచుట లేదు. వారికి నడకకంటె ముందు కావలసినది పోటు కొలుచువారు.

మా పేటలో స్త్రీలే తమ చిక్కునకు తోవ కనిపెట్టిరి. ఉదయము తమది కాదు గనుక సాయంకాలము నాలుగున్నరకు, కుళాయి వచ్చు వేళకు ముందు, కూడుదమనుకొనిరి. మొదట గుడిప్రాకారమున ప్రదక్షిణముగా నడచిరి. అచ్చట నడచుట ఎవరికిని ఆక్షేపణ లేదు. దైవభక్తి యన్న నోళ్ళు మూతపడును. కాని పేటలోని ముస్లిము స్త్రీలును, క్రైస్తవ స్త్రీలును అచ్చటికి రాలేరుగదా! అందుచే వారందరును కలసి ఒక పాఠశాల ధర్మకర్తలను ఆటస్థలము గంటసేపు ఇమ్మని కోరిరి. నడివయస్సు స్త్రీలు చేతులూపుచు మైదానమున తిరుగుట పాఠశాల గౌరవమునకు తగదని ఆ పెద్దలు గేటునకు తాళము వేయించిరి. ఆ స్త్రీలలో అరువదియైదేండ్ల వృద్ధురాలొకతె అన్నమాట మాకింకను జ్ఞాపకము: “నాయనా, ఈ బడి కట్టునప్పుడు ఇటుకలు మోసినదాననే. అప్పుడు నా చేతులూపు మీకు కనబడలేదా?” పిదప మరియొక ప్రాథమికపాఠశాల ప్రధానోపాధ్యాయిని తానే తాళముచెవి తెచ్చి తలుపు తెరచి, తానును వారితో నడువ మొదలిడెను. నేడు ఆ సాయంకాలపు గుంపు ఉదయపు గుంపుకంటె పెద్దది. అందు ఇండ్లలో పనిచేయు స్త్రీయు, ఆ యింటి యజమానురాలును ప్రక్కప్రక్కన నడచుట చూచినవారికి, వ్యాయామమువలన తగ్గునది రక్తపోటు ఒక్కటియే కాదని తోపకపోదు.

ఇట్టి ప్రయత్నము మారుమూల పల్లెలలో సాగునా యను శంకకు సమాధానము మన జిల్లాలలోనే దొరికినది. పశ్చిమగోదావరి జిల్లాలోను, రిషివ్యాలీ ప్రాంతమునను, కేరళమున తిరువనంతపురము ప్రాంతమునను రక్తపోటుగల గ్రామస్థులు 1734 మందితో జరిగిన పరిశోధనా ఫలితము 2020లో ప్రకటింపబడెను. కొన్ని పల్లెలలో ఆశా కార్యకర్తలకు శిక్షణమిచ్చి, వారిచేత రెండువారముల కొకమారు రోగులను గుంపుగా సమావేశపరపించిరి. పోటు కొలుచుట, ఉప్పు తగ్గించుట, శరీరము కదల్చుట, పొగాకు మానుట, మందు మానకుండుట—ఇవియే అందలి పాఠములు. మూడుమాసములు ఇట్లు జరిగిన పిదప చూడగా, తక్కిన పల్లెలకంటె ఆ పల్లెలలో పై యంకె సుమారు 5 అధికముగా తగ్గియుండెను. అచ్చట గొప్పయంత్రములు లేవు, పట్టణపు వైద్యులు లేరు. ఊరిలో పుట్టిపెరిగిన ఒక స్త్రీ, ఆమె చుట్టును చాపమీద కూర్చుండిన ఇరుగుపొరుగువారు. కూడుటలో నున్న బలమునకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

మన స్త్రీలకు కూడు టెట్లో ఎవరును నేర్పనక్కరలేదు. నెల్లూరు మండలమున దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుటకై రాత్రిబడిలో చేరిన స్త్రీలే 1992లో ఊరి సారాయంగడిని మూయించి, రాష్ట్రమంతటను సారాప్రతిఘటనము లేవనెత్తిరి. మరుసటియేటనే ప్రభుత్వము సారాను నిషేధించెను. చదువునకై కూడినవారు సారాపై కదలిరి. నేడు పొదుపునకై కూడు డ్వాక్రా సంఘములు తెలుగునాట లేని యూరు లేదు. ప్రతిసమావేశమునకును ముందు అరగంట కలసి నడచుట, మాసమున కొకమారు పోటు కొలిపించుకొని పొదుపుపుస్తకమువలెనే ఒక పుస్తకమున వ్రాసికొనుట—ఈ రెండు పనులకు క్రొత్తకట్టడము లక్కరలేదు, విరాళము లక్కరలేదు. అప్పుకంతు తప్పినవారి యింటికి పోయి అడుగగల సంఘము, నడక తప్పినవారి యింటికి పోయి అడుగలేదా?

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. వ్యాయామము మందునకు తోడే కాని మందునకు మారు కాదు. మా ఉదయపు సంఘములో ఒక విశ్రాంత గుమాస్తాగారుండిరి. వర్షమైనను మానక నడచువారిలో ఆయన మొదటివారు. 160 దాటియుండిన పోటు మాత్రలచేతను నడకచేతను 130కి దిగినది. అది చూచి ఆయన తనకు రోగము కుదిరినదని నిశ్చయించుకొని, ఎవరితోను చెప్పక మాత్రలు మానివేసిరి. ఐదవమాసమున పక్షవాతము వచ్చెను. ప్రాణము దక్కినది గాని, కుడికాలు ఇంకను ఈడ్చుచున్నారు. పరామర్శింపబోయిన మాతో ఆయన భార్య యిట్లనెను: “అన్నయ్యగారూ, ఒక్కనాడు తలనొప్పి వచ్చియున్నను ఆయన మాత్ర మానెడివారు కారు. ఏ బాధయు లేకపోవుటయే మా కొంప తీసినది.” రోగస్వరూపమును ఇంత స్పష్టముగా చెప్పిన వైద్యగ్రంథమును మేము చూడలేదు. నాటినుండి సంఘపు పుస్తకమున నడకకు ఒక గడి, మాత్రకు ఒక గడి యుండుచున్నవి. సంఘములోనివారు వంతులవారీగా ఆయన యింటికి పోయి, చేయి పట్టుకొని వసారాలో నడిపించుచున్నారు. పోటు తగ్గినను మందు తగ్గించుట వైద్యుని పని; అది తగ్గినదని సంతోషించుట మాత్రమే మన పని.

మరియొక లోపమును చిరునవ్వుతో చెప్పవలసియున్నది. నడక ముగియగానే గుంపుగా ఫలహారశాలకు పోయి, నాలుగు వడలు, కారప్పొడి, ఊరగాయ నంజుకొను సంఘములు కలవు. గట్టుమీద తగ్గించిన పోటును బల్లమీద మరల కొని తెచ్చుకొనుట యిది. పెద్దలు దినమునకు 5 గ్రాములకు లోబడి, అనగా ఒక చిన్నచెంచాకు మించక, ఉప్పు తినవలెనని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, అప్పడములు, వడియములు, ఎండుచేపలు ఇష్టముగా తిను మనకు ఇది కఠినముగా తోచును. పచ్చడి మానుమని మేము చెప్పము; చెప్పినను తెలుగువారు వినరు. పచ్చడి యున్న పూట అప్పడము వలదనియు, మజ్జిగలో ఉప్పు వేయవలదనియు చెప్పుదుము. ఇట్టి చిన్నకట్టుబాట్లు కూడ ఒంటరిగా నిలువవు; సంఘమున నలుగురు చేసిన నిలుచును.

సంఘము పెట్టదలచినవారికి మా యనుభవమునుబట్టి కొన్ని మాటలు. వారమున ఐదుదినములు, దినమునకు అరగంట చాలును. మొదటివారము పదినిమిషములతో మొదలిడి మెల్లగా పెంచవలెను. పోటు 180/110 దాటినవారు, ఎదనొప్పి, నడచిన ఆయాసము గలవారు ముందుగా వైద్యుని చూడవలెను. పోటు కొలుచునప్పుడు ఐదునిమిషములు మౌనముగా కూర్చుండి, వీపు ఆనించి, చేతిని గుండెయెత్తున బల్లపై నుంచవలెను. అంతకు అరగంట ముందునుండి కాఫీయు చుట్టయు వలదు. నడచివచ్చినవెంటనే కొలిచిన అంకె నమ్మదగినది కాదు. బరువులెత్తువారు ఊపిరి బిగబట్టరాదు. వైశాఖజ్యేష్ఠములందు సూర్యుడు రాకముందే ముగింపవలెను. ముఖ్యముగా ప్రతివారికిని ఒక జతగాని నేర్పరచి, ఒకరి రాకకు ఒకరు పూటబడునట్లు చేయవలెను. నలువదిమంది పిలుపుకంటె ఒక్కని పిలుపు గట్టిది.

విశాఖపట్టణమున సముద్రతీరపు బాటపై వేకువను బండ్లను ఆపి, నడచువారికి చోటిచ్చుచున్నారు. హైదరాబాదున కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము చుట్టును ఉదయసాయంకాలములు నడచువారు వేలకొలది. ఇవి సంతోషింపదగినవియే. కాని ఉద్యానమునకు బండెక్కి పోగలవారి కొఱకు మాత్రమే ఆరోగ్యము కాదు. ప్రతివార్డులోను మూతపడియున్న పాఠశాల మైదానములు సాయంకాలము గంటసేపు తెరచిన చాలును. ఆ సందులలో నాలుగు దీపములు వెలిగించిన చాలును. పురపాలకులకు, ధర్మకర్తలకు ఇది వ్యయమే కాదు. ఇంటింటను పురుషులు వారమున కొన్ని పూటలైనను పొయ్యిదగ్గర నిలిచినయెడల, స్త్రీలకు ఆ గంట చిక్కును. దీపములకంటె, మైదానములకంటె ముందు కావలసిన సంస్కారమిది.

చదువరులలో ప్రతి నలుగురిలో ఒకరికి ఈ వ్యాసము సొంతసంగతి. తక్కిన మువ్వురికి తల్లియో, తండ్రియో, జీవితసహచరియో ఉన్నారు. కావున తమ వీధిలో ఇంతవరకును పోటు కొలిపించుకొనని ఒక్కరిని, నడువ తోడులేని ఒక్కరిని ఈ వారముననే వెదకి, తమతో నడువ పిలువవలసినదని ప్రార్థించుచున్నాము. వారు మొదటినాడు రాకపోవచ్చును. రెండవనాడును పిలువవలసియుండును.